నల్లగొండ రామగిరిలో ఎకనామిక్స్ వాళ్లకు లెక్కల ట్యూషన్: సీఈసీ, హెచ్ఈసీ నుంచి వచ్చినవాళ్లకు పనికొస్తుందా?

ముందే చెప్తున్నా, ఈ ట్యూషన్‌కు బోర్డు లేదు, పేరూ లేదు. రామగిరిలో జిరాక్స్ షాపు పక్క సందులోకి తిరిగి "లెక్కల సార్ ఇల్లు ఏది" అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. సార్ జూనియర్ కాలేజీలో మ్యాథ్స్ చెప్పి రిటైరయ్యారు. మేడ మీద రేకుల షెడ్డు, పొడుగు బెంచీలు, ఒక నల్లబోర్డు, అంతే. పొద్దున ఇంటర్ పిల్లలకు చెప్తారు. సాయంత్రం 5 నుంచి ఆరున్నర వరకు మాత్రం ఎం.ఏ. ఎకనామిక్స్ చదివేవాళ్లకు, చదవబోయేవాళ్లకు. నెలకు 800 రూపాయలు, కోర్సు నాలుగు నెలలు. నేను పూర్తి చేశాను. ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ తగ్గిన ఒక్కటి ఎందుకో కింద రాశాను.

ఇది ఎవరి కోసమంటే, నాలాంటి వాళ్ల కోసం. మన దగ్గర చాలామంది లెక్కలు తప్పించుకోవడానికే ఎకనామిక్స్ వైపు వస్తారు. ఎంపీసీ వద్దనుకుంటే సీఈసీ, అదీ భయమైతే హెచ్ఈసీ. డిగ్రీలోనూ అదే, గ్రూప్స్‌లో ఎకానమీ పేపర్‌కు కలిసొస్తుందని. నేను కనగల్ వైపు ఊరి నుంచి బస్సులో వస్తూ నల్లగొండలోనే సీఈసీ, ఇక్కడే బీఏ తెలుగు మీడియం చదివాను. డిగ్రీ దాకా ఎకనామిక్స్ అంటే నిర్వచనాలు, పంచవర్ష ప్రణాళికలు, రెండు గీతలు ఒకచోట కలిసే పటం. పీజీ సీట్ల కోసం రాసే సీపీగెట్ ఎంట్రన్స్‌లో 100 బిట్లు, 90 నిమిషాలు. బాగా బట్టీ కొడితే ర్యాంకు వస్తుంది. నాకూ వచ్చింది.

ఆ తర్వాత మొదటి సెమిస్టర్ మైక్రో క్లాసు. పాక్షిక అవకలనాలు (ఒకటి కొంచెం మారితే ఇంకోటి ఎంత మారుతుందో కట్టే లెక్కలు) బోర్డు నిండా. ఇంటర్‌లో లెక్కలు ఉండే ఎంఈసీ చదివిన అమ్మాయి ఒకతి హాయిగా రాసుకుపోతుంటే, మిగతావాళ్లం అర్థం తెలియని లిపిని ముగ్గు దించినట్టు దించుకున్నాం. "అక్కా, ఇది ఎకనామిక్స్ క్లాసేనా?" అని వెనక బెంచీ నుంచి ఒక తమ్ముడు అడిగాడు. నవ్వు వచ్చింది కానీ టెన్షన్ కూడా వచ్చింది.

అసలు ఎకనామిక్స్‌కు ఎన్ని లెక్కలు కావాలి అనేవాళ్లు యూజీసీ నెట్ సిలబస్ ఒకసారి తీసి చూడండి. 10 యూనిట్లలో మూడోది స్టాటిస్టిక్స్, ఎకనామెట్రిక్స్ (ఎకనామిక్స్ మాటలను డేటాతో కొలిచి చూసే లెక్కలు). నాలుగోది మొత్తం మ్యాథమెటికల్ ఎకనామిక్సే: సమితులు, ప్రమేయాలు, అవకలనం, మాత్రికలు, లీనియర్ ప్రోగ్రామింగ్, డిఫరెన్షియల్ ఈక్వేషన్ల దాకా. మైక్రో, మాక్రో యూనిట్లు పేరుకు వేరే, లోపల అవే గుర్తులు. లెక్చరర్ పోస్టు మీద ఆశ ఉన్నవాళ్లకు దీన్ని దాటి పోయే దారి లేదు.

ఇక క్లాసు సంగతి.

మొదటి రోజే సార్ ఒక పేపర్ ఇచ్చారు. భిన్నాలు, శాతాలు, రెండు చలరాశుల సమీకరణాలు, సరళరేఖ వాలు, ఘాతాంకాలు. "ఇవన్నీ పదో తరగతివి సార్, మేం పీజీ" అన్నాడొక అబ్బాయి. సార్ ఏమీ అనలేదు. పేపర్లు దిద్ది ఇస్తూ "పదో తరగతివే బిడ్డా, మరి ఎందుకు రాలే?" అన్నారు. ఆ అబ్బాయి మళ్లీ రాలేదు. మిగతావాళ్లకు మొదటి మూడు వారాలు పదో తరగతే. కొందరికి ఇది డబ్బు దండగ అనిపించింది. నాకు మాత్రం కోర్సు మొత్తంలో విలువైన భాగం ఇదే. అవకలనం దగ్గర మనం తడబడుతున్నాం అనుకుంటాం కానీ చాలాసార్లు మనల్ని ఆపేది అవకలనం కాదు. దాని తర్వాత వచ్చే భిన్నాన్ని సూక్ష్మం చేయడం రాక ఆగిపోతాం.

గ్రాఫుల దగ్గర సార్ చాలాసేపు నిలబడ్డారు, నాకు అది నచ్చింది. లెక్కల పుస్తకంలో స్వతంత్ర చలరాశి అడ్డంగా, దాని మీద ఆధారపడేది నిలువుగా ఉంటుంది. ధర మారితే కొనే పరిమాణం మారుతుంది కాబట్టి ధర అడ్డంగా ఉండాలి కదా. ఎకనామిక్స్‌లో మాత్రం ధర నిలువుగా ఉంటుంది. ఇంగ్లండ్ ఎకనామిస్టు ఆల్ఫ్రెడ్ మార్షల్ కాలం నుంచి అదే అలవాటు అయిపోయింది. డిమాండ్ = 100 − 2 × ధర అని రాస్తే సమీకరణంలో వాలు −2, పటంలో చూస్తే −½. డిగ్రీలో మూడేళ్లు ఆ పటం గీశాను, ఈ తిరకాసు గురించి ఎవరూ ఒక్క మాట చెప్పలేదు.

అదే గీత మీద వ్యాకోచత్వం, అంటే ధర ఒక శాతం మారితే డిమాండ్ ఎన్ని శాతం మారుతుందో, కట్టించారు. ధర 10 ఉంటే డిమాండ్ 80, వ్యాకోచత్వం పావు. ధర 25 దగ్గర డిమాండ్ 50, వ్యాకోచత్వం సరిగ్గా ఒకటి. ధర 40 అయితే డిమాండ్ 20, వ్యాకోచత్వం నాలుగు. గీత తిన్నగానే ఉంది, వాలు ఎక్కడా మారలేదు, వ్యాకోచత్వం మాత్రం ప్రతి బిందువు దగ్గరా మారింది. రాబడి చూడండి: ధర 10 దగ్గర 800, 40 దగ్గర కూడా 800, మధ్యలో 25 దగ్గర 1250. "వ్యాకోచత్వం ఒకటి ఉన్న చోట రాబడి గరిష్ఠం" అనే వాక్యాన్ని నేను డిగ్రీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. ఎందుకు గరిష్ఠమో ఆ సాయంత్రం తెలిసింది.

సార్ పద్ధతిలో ఒక షరతు ఉంది. ప్రతి లెక్క చివర జవాబు కింద రెండు తెలుగు వాక్యాలు రాయాలి, అందులో ఒక్క గుర్తు కూడా ఉండకూడదు. మీ ఊళ్లో చదువుకోని మనిషికి చదివి వినిపిస్తే అర్థం కావాలి. అది లేకపోతే లెక్క కరెక్టయినా కొట్టేస్తారు. దీనికి ఆయన మార్షల్‌ను సాక్ష్యం తెస్తారు. మార్షల్ 1906లో బౌలీ అనే మిత్రుడికి రాసిన ఉత్తరంలో తన నియమాలు చెప్పాడు: లెక్కలను పొట్టి రాతగా వాడుకో, పని అయ్యాక మామూలు భాషలోకి మార్చు, నిజ జీవితంలోంచి ఉదాహరణ పెట్టు, తర్వాత ఆ లెక్కలను తగలబెట్టు. ఈ మాట చెప్పిన మనిషి 1865లో కేంబ్రిడ్జి గణిత పరీక్షలో రెండో స్థానం వచ్చినవాడు. "తగలబెట్టాలంటే ముందు నీ దగ్గర ఉండాలె కదా" అంటారు సార్. లెక్కలు ఎందుకు, దండగ అని వాదించే మా బ్యాచ్ పిల్లలకు ఈ ఒక్క మాటతో నోరు పడిపోయేది.

అవకలనం చెప్పినప్పుడు ఎవరి ఇంట్లో ఏ పంట అని అడిగారు. మాది బత్తాయి తోట అన్నాను. నల్లగొండలో బత్తాయి మాట వస్తే క్లాసులో సగం మందికి చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది, కాబట్టి అదే లెక్క అయింది. బోరు, డ్రిప్, కావలి ఖర్చు 50 వేలు, పండు కోసినా కోయకపోయినా తప్పదు. కోత, మోత ఖర్చు టన్నుకు 5 వేలు. కోత పెరిగేకొద్దీ కూలీలను దూరం ఊళ్ల నుంచి తేవాలి, ఖర్చు ఇంకా పెరుగుతుంది. అందుకని టన్నుల వర్గాన్ని కూడా కలుపుదాం అన్నారు. మొత్తం ఖర్చు = 50 + 5 × టన్నులు + టన్నుల వర్గం, అంతా వేలల్లో. మార్కెట్ ధర టన్నుకు 25 వేలు.

అవకలనం చేస్తే ఉపాంత వ్యయం, అంటే ఇంకో టన్ను కోస్తే పెరిగే ఖర్చు, 5 + 2 × టన్నులు. దాన్ని 25తో సమానం చేస్తే 10 టన్నులు. ఇక్కడితో వదిలేస్తే అది మామూలు ట్యూషన్. సార్ వదల్లేదు, చేత్తో వేయించారు. 10 టన్నులకు రాబడి 250, ఖర్చు 200, లాభం 50 వేలు. 9 టన్నులకు లాభం 49. 11 టన్నులకూ 49. ఇటు జరిగినా ఒక వెయ్యి తగ్గింది, అటు జరిగినా ఒక వెయ్యి తగ్గింది. "అవకలనం సున్నా" అంటే ఏమిటో అప్పుడు కళ్లకు కనిపించింది.

తర్వాత ధర 15 వేలకు పడేశారు. ఈసారి లెక్క 5 టన్నులకు వచ్చింది. రాబడి 75, ఖర్చు 100, నష్టం 25 వేలు. "మరి కోయాల్నా, చెట్టు మీదనే వదిలెయ్యాల్నా?" అని అడిగారు. వదిలేయాలి అని ముగ్గురు నలుగురు చేతులెత్తారు. వదిలేస్తే 50 వేలు నష్టం, ఎందుకంటే బోరు, డ్రిప్ ఖర్చు ఎలాగూ పోయింది. కోస్తే 25 వేలే నష్టం. ఈ లెక్క ప్రకారం ధర టన్నుకు 5 వేల కంటే పైన ఉన్నంతకాలం ఎంతో కొంత కోయడమే మేలు. స్వల్పకాలంలో సంస్థ మూసివేత బిందువు అని పుస్తకంలో ఒక పేజీ ఉంటుంది కదా, అదే ఇది. ఇంటికి వెళ్లి నాన్నకు చెప్పాను. ఆయన విని, "ధర పడ్డ ఏడాది కూడా కోసింది అందుకే" అని, "మరి ఆ వర్గం ఎవరు పెట్టిన్రు? మాకు కూలి ఒక్కసారే ఎగురుతది, మెల్లగా పెరగదు" అన్నారు. మరుసటి రోజు క్లాసులో ఈ మాట చెప్తే సార్ సంబరపడిపోయారు. కూలి ఒక్కసారిగా ఎగిరితే ఆ గీతకు ఆ చోట అవకలనం ఉండదని ఒక గంట చెప్పారు. సిలబస్‌లో లేని గంట అది. బస్సు తప్పిపోయింది కానీ బాధ లేదు.

లాగ్రాంజ్ పద్ధతి, అంటే చేతిలో ఉన్న డబ్బు లాంటి హద్దు దాటకుండా గరిష్ఠం కనుక్కోవడం, చాలామందికి గుండె ఆగే చోటు. ఇక్కడ కూడా చిన్న లెక్కే. సమోసా 10 రూపాయలు, మిర్చి బజ్జీ ప్లేటు 20, చేతిలో 200. తృప్తి అంటే రెండిటి సంఖ్యల లబ్ధం అనుకోండి. జవాబు 10 సమోసాలు, 5 ప్లేట్లు, తృప్తి 50. అందరూ ఇక్కడ ఆగిపోతారు. ఆ హద్దు కోసం లెక్కలో కలిపే లాంబ్డా అనే గుర్తు విలువ ఎంత, దానితో పనేంటి? అది అర వచ్చింది. జేబులో ఇంకో రూపాయి ఉంటే తృప్తి దాదాపు అర పెరుగుతుందని దాని అర్థం. 201 రూపాయలతో మళ్లీ కట్టించి 50 నుంచి సుమారు యాభైన్నరకు రావడం చూపించారు. లాంబ్డా గురించి నేను రాసుకున్న రెండు తెలుగు వాక్యాలు ఇప్పటికీ నోట్‌బుక్‌లో ఉన్నాయి, సెమిస్టర్ పరీక్షలో అవే కాస్త పెద్దవి చేసి రాశాను.

లాగరిథమ్స్ కూడా బాగా చెప్పారు. కాబ్-డగ్లస్ ఉత్పత్తి సమీకరణంలో శ్రమ, మూలధనం ఘాతాలతో గుణకారంలో ఉంటాయి. లాగ్ తీసుకుంటే అది కూడికగా మారిపోతుంది, ఘాతాలు బయటికి వస్తాయి, అవే వ్యాకోచత్వాలు. 1928లో దాన్ని ప్రచురించినవాళ్లలో పాల్ డగ్లస్ ఎకనామిస్టు, చార్లెస్ కాబ్ గణితవేత్త. రాని పనికి వచ్చినవాణ్ని తోడు తెచ్చుకోవడం పెద్దవాళ్లూ చేశారన్నమాట. ఏటా 7 శాతం పెరిగేది పదేళ్లలో రెట్టింపు అవుతుందనే లెక్క కూడా లాగ్ నుంచే వస్తుంది. 70ని పెరుగుదల శాతంతో భాగిస్తే చాలు. గ్రూప్స్ రాసేవాళ్లు ఇది ఒక్కటి పట్టుకున్నా లాభమే. మాత్రికలు, ఏ రంగం సరుకు ఏ రంగానికి ఎంత పోతుందో చూపే లియాంటీఫ్ ఇన్‌పుట్-అవుట్‌పుట్ పట్టిక రెండు వారాల్లో అయిపోయాయి, ఫర్వాలేదు.

ఇక తగ్గించిన ఆ ఒక్కటి. స్టాటిస్టిక్స్. చివరి నెలలో హడావిడిగా ముగించేస్తారు. సగటు, ప్రామాణిక విచలనం, సహసంబంధం దాకా బాగుంది. సంభావ్యత వచ్చేసరికి పరుగు. పరికల్పన పరీక్ష (హైపోథిసిస్ టెస్టింగ్) ఒక్క సాయంత్రంలో అయిపోయింది. రిగ్రెషన్ అంటే పరిచయం మాత్రమే, ఎకనామెట్రిక్స్ అసలు లేదు. సార్ మ్యాథ్స్ మనిషి, ఆయన మనసు అక్కడ లేదని తెలిసిపోతుంది. కానీ ఎం.ఏ. మూడో సెమిస్టర్‌లో మనల్ని ముంచేది అదే. ఐదో నెల పెట్టి మరో 800 తీసుకున్నా నేను ఇచ్చేదాన్ని. ఈ మాట ఆయనతో కూడా అన్నాను, "చూద్దాం" అన్నారు.

చిన్న ఫిర్యాదులు మరికొన్ని. రేకుల షెడ్డు కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో కూర్చోలేం, ఒకటే ఫ్యాను, అది కూడా బోర్డు వైపు. నోట్సు సార్ చేతిరాత జిరాక్స్, కొన్ని పేజీల్లో ఘాతాలు ఏవో, గుణకాలు ఏవో తెలియదు. గ్రూప్స్‌కు ప్రిపేరయ్యేవాళ్లు మొదటి నెల చేరి లాగ్రాంజ్ రాగానే మాయమవుతారు, వాళ్ల కోసం సార్ రెండు క్లాసులు వెనక్కి వెళ్లి మళ్లీ చెప్పడం మిగిలినవాళ్లకు విసుగు. ఆరున్నర అన్నది ఏడు అవుతుంది. 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో జీరో టికెట్ కాబట్టి నాకు రాకపోకల ఖర్చు లేదు, అది లేకపోతే 800 మీద ఇంకో అంత అయ్యేది. కానీ ఊళ్లకు వెళ్లే అమ్మాయిలు సమయం ముందే మాట్లాడుకోండి. అడిగితే సార్ ముందు పంపిస్తారు, అడగకపోతే ఆయనకు గడియారం గుర్తుండదు.

వేరే దారులు ఉన్నాయా అంటే ఉన్నాయి. ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సులు స్వయం, ఎన్‌పీటెల్‌లో ఉచిత వీడియోలు ఉన్నాయి, మంచివి. కానీ పదో తరగతి దగ్గర మన లోపం ఎక్కడుందో వీడియో అడగదు. అంతకుముందు హైదరాబాద్‌లో ఒక పెద్ద కోచింగ్‌కు కట్టాను, అక్కడ లెక్కల భాగం వచ్చేసరికి "ఈ బిట్‌కు ఆన్సర్ బీ, గుర్తుపెట్టుకోండి" అన్నారు. ఆ డబ్బుతో ఇక్కడ రెండు కోర్సులు అయ్యేవి.

మా బ్యాచ్‌లో ఒకమ్మాయి అమెరికా పరిశోధకురాలు ఎలినార్ ఆస్ట్రమ్ సంగతి తెచ్చింది. స్కూల్లో ఆమెను ట్రిగనామెట్రీ తీసుకోనివ్వలేదు. ఆ లెక్కలు లేవని లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఎకనామిక్స్ పీహెచ్‌డీకి సీటు ఇవ్వలేదు. ఆమె పొలిటికల్ సైన్స్‌లో చేరి, నీళ్లు, అడవులు వంటి ఉమ్మడి వనరులను జనం ఎలా కాపాడుకుంటారో చదివి, 2009లో ఎకనామిక్స్ నోబెల్ తీసుకుంది. ఆ బహుమతి పొందిన మొదటి మహిళ. మన చెరువు కింద ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్లు వదలాలో నీరటి చూసుకునే పద్ధతి ఉంది కదా, ఆమె చదివింది అలాంటి ఏర్పాట్లనే. "చూడండి సార్, లెక్కలు లేకున్నా నోబెల్" అంది ఆ అమ్మాయి. "లెక్కలు లేక వచ్చిందా బిడ్డా, సీటియ్యని వాళ్లు పోగొట్టుకున్నరా?" అన్నారు సార్. తర్వాత ఆస్ట్రమ్ పుస్తకాల్లో గేమ్ థియరీ (ఒకరి నిర్ణయం ఇంకొకరి నిర్ణయం మీద ఆధారపడే చోట చేసే లెక్క) పట్టికలు కూడా ఉంటాయని చెప్పి, మరుసటి క్లాసులో రెండు వరుసలు, రెండు నిలువుల పట్టిక ఒకటి వేయించారు. నాకు ఇద్దరి మాటా సరైనదే అనిపించింది. ట్రిగనామెట్రీ రాదని ఒక పిల్లను గేటు బయట ఉంచడం అన్యాయం. అలాగని గేటు లోపలికి వచ్చాక నేర్చుకోకుండా ఉండటం మనకే నష్టం.

ఎవరు చేరాలి అంటే, సీఈసీ, హెచ్ఈసీ నుంచి వచ్చి ఎం.ఏ. మొదటి సంవత్సరంలో ఉన్నవాళ్లు, లేదా సీపీగెట్ రాసి సీటు కోసం చూస్తున్నవాళ్లు. సీటు వచ్చేదాకా ఖాళీగా ఉండే ఆ రెండు నెలల్లో సగం కోర్సు ముందే అయిపోతుంది. ఎంఈసీ వాళ్లకు మొదటి నెల వృథా, వాళ్లు రెండో నెల నుంచి చేరొచ్చు, సార్ ఒప్పుకుంటారు. నెట్‌లో జేఆర్ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) లక్ష్యంగా ఉన్నవాళ్లకు, ఢిల్లీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రన్స్ రాయాలనుకునేవాళ్లకు ఇది పునాది మాత్రమే. పైన చాలా కట్టుకోవాలి. కేవలం గ్రూప్స్ కోసమైతే చేరకండి, మీ టైమూ పోతుంది, మా క్లాసూ పోతుంది.

ఫీజు నెల మొదట్లోనే ఇవ్వాలి, మధ్యలో మానేస్తే తిరిగి ఇవ్వరు. రెండు రోజులు ఊరికే కూర్చుని వినొచ్చు. ఫోన్‌పే లేదు, నోట్లే. గ్రాఫ్ పుస్తకం, స్కేలు, పెన్సిల్ తీసుకెళ్లండి. క్యాలిక్యులేటర్ మొదటి నెల బయటికి తీస్తే తిడతారు.